పెంకుటిల్లు కురుస్తుంటే: వానలకు ముందే పైకప్పు బాగుచేసుకునే పద్ధతి

"పోయినేడు పెంకులు మార్పించాం, అయినా మళ్ళీ అక్కడే కురుస్తోంది. ఏం చేయాలి?" పెంకుటిళ్ళు ఉన్నవాళ్ళు చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇదే. చాలా ఇళ్ళలో జరిగేది ఒకటే. చుక్క పడే చోట మేస్త్రీ నాలుగు పెంకులు మారుస్తాడు, పైన కాస్త సిమెంట్ పూస్తాడు. నీళ్ళు దిగే చోటు మాత్రం నాలుగు అడుగుల పైన అలాగే ఉంటుంది.

పైకప్పు పని సగం వెతకడంలోనే ఉంది. అందుకే ఇక్కడ ఆ భాగానికి ఎక్కువ చోటిస్తున్నాను. రాసిందంతా బెంగుళూరు పెంకు ఇళ్ళ గురించి. కొన్ని ఊళ్ళలో మంగళూరు పెంకు అంటారు, రెండూ ఒకటే. గూన పెంకు సంగతి చివర్లో విడిగా ఉంది.

1. ఏ నెలలో మొదలుపెట్టాలి

మృగశిర కార్తె దగ్గరపడ్డాక మేస్త్రీ దొరకడు, దొరికినా హడావిడిగా చేసి వెళ్తాడు. ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ పనికి బాగుంటాయి. రోహిణి ఎండల్లో పెంకు మీద కాలు పెట్టలేరు, సున్నం పని కూడా తడి నిలవక పగుళ్ళిస్తుంది.

రోజులో పొద్దున్నే మంచు ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు దిగిపోవాలి. పాచి పట్టిన పెంకు మీద మంచు ఉంటే సబ్బు నీళ్ళ మీద నడిచినట్టే.

కోస్తా జిల్లాల వాళ్ళకు ఇంకో మాట. తుపాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి కాబట్టి సెప్టెంబరులో రెండోసారి చూసుకోవాలి. ఆ చూపు ముఖ్యంగా చూరు వరసల కోసం, నడికొప్పు కోసం, అంటే రెండు వాలులూ పైన కలిసే చోటు కోసం.

2. పైకి ఎక్కే ముందు

మొట్టమొదట కరెంటు. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సర్వీసు వైరు చాలా ఊళ్ళలో పెంకు మీదుగానే పోతుంది. దాని తొడుగు ఎండకి పగిలి ఉండొచ్చు. ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపితే ఆ వైరులో కరెంటు ఆగదు. లైన్‌మన్‌ని పిలిచి స్తంభం దగ్గరే తీయించాలి. దీనికి ఒక పూట ఆలస్యమైనా ఫర్వాలేదు.

రెండోది పురుగూ పుట్రా. పెంకుల సందుల్లో తేళ్ళు, కందిరీగల తుట్టెలు, ఒక్కోసారి పాములు ఉంటాయి. చేతికి మందపాటి గ్లవుజులు లేకుండా పెంకు ఎత్తొద్దు. ముందు కర్రతో తట్టి, రెండు నిమిషాలు ఆగి, అప్పుడు చెయ్యి పెట్టండి.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- చూరు దాటి మూడు అడుగులు పైకి వచ్చే నిచ్చెన. నాలుగు అడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున పాదం గోడకి దూరంగా ఉండాలి
- కప్పు మీద పరచడానికి ఇంకో నిచ్చెన లేదా అడ్డకర్రలు కొట్టిన పలక
- నడుముకి తాడు, దాన్ని అవతలి వాలు వైపు గట్టిగా కట్టే చోటు
- చెక్క చీలికలు నాలుగు, సుత్తి, కొబ్బరి పీచు బ్రష్, చీపురు
- తుప్పు పట్టని సన్న కట్టుతీగ
- సుద్దముక్క, టార్చి, పొడుగాటి స్క్రూడ్రైవర్
- కింద ఒక మనిషి. ఒంటరిగా ఎవరూ కప్పు ఎక్కకూడదు

వెనక వైపు పాత సిమెంట్ రేకుల షెడ్డు ఉంటే దాని మీద అడుగు వేయొద్దు. చూడ్డానికి గట్టిగా ఉండి ఒక్కసారిగా విరిగిపోతుంది.

3. ముందు లోపలి నుంచి వెతకండి

పైకి ఎక్కడం రెండో పని. మిట్టమధ్యాహ్నం అటక ఎక్కి లేదా గదిలో తలుపులూ కిటికీలూ మూసేసి పైకి చూడండి. పెంకు పగిలినా జారినా అక్కడ వెలుగు చుక్క కనిపిస్తుంది. చుక్క ఉన్న చోటల్లా పక్క వాసానికి సుద్దతో గీత పెట్టండి.

తర్వాత తడి మరకలు చూడండి. నీళ్ళు పెంకు సందులోంచి దిగి రీపరు మీద పడతాయి. వాసాల మీద అడ్డంగా కొట్టే సన్న చెక్కలే రీపర్లు. అక్కడి నుంచి వాసం పట్టుకుని కిందికి జారి, ఏ ముడి దగ్గరో మేకు దగ్గరో ఆగి చుక్కగా పడతాయి. కాబట్టి మరక దగ్గర మొదలుపెట్టి వాసం వెంబడే నడికొప్పు వైపు కళ్ళు నడిపించండి. నల్లటి చార ఎక్కడ మొదలైందో అక్కడే నీళ్ళు దిగుతున్నాయి.

చార సరిగ్గా గోడ అంచున మొదలైతే పెంకుల జోలికి పోవద్దు. తప్పు గోడా కప్పూ కలిసే చోట ఉంది. దాని గురించి 9వ భాగంలో రాశాను.

4. తేలకపోతే నీళ్ళు పోసి చూడండి

ఒకరు పైన పైపు పట్టుకోవాలి, ఒకరు లోపల టార్చితో ఉండాలి. పైపు చివర వేలు అడ్డంపెట్టి చిమ్మకూడదు. వాన పడినట్టు పై నుంచి కిందికి నెమ్మదిగా పారనివ్వాలి. ఎదురు చిమ్మితే మంచి పెంకుల మధ్య నుంచి కూడా నీళ్ళు లోపలికి పోతాయి.

వరస ముఖ్యం. చూరు దగ్గర రెండు వరసలతో మొదలుపెట్టి, ఒక్కో చోట ఐదు నుంచి పది నిమిషాలు పోసి, లోపల ఏమీ లేకపోతేనే పైవరసకి వెళ్ళండి. నడికొప్పు దగ్గర మొదలుపెడితే నీళ్ళు మొత్తం కప్పు మీదుగా పారి, ఎక్కడ దిగాయో తెలియకుండా పోతుంది.

5. పెంకు కొనేటప్పుడు

బెంగుళూరు పెంకులన్నీ ఒకే కొలత అనుకోవద్దు. ఒక్కో ఫ్యాక్టరీ పెంకు కొంచెం తేడాగా ఉంటుంది. గాడిలో పావు అంగుళం తేడా వచ్చినా పక్క పెంకులో కూర్చోదు. మీ కప్పులోంచి ఒక పాత పెంకు తీసి వెనక్కి తిప్పండి. ముద్రలో ఫ్యాక్టరీ పేరు ఉంటుంది. ఆ పెంకునే కొట్టుకి పట్టుకెళ్ళి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి గాడి కలిపి చూడండి.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేకపోతే, ఊళ్ళో కూల్చేస్తున్న పాత ఇళ్ళ పెంకు వెతకండి. అదీ దొరక్కపోతే ఒక చిన్న ఉపాయం ఉంది. వెనక వాలులో ఒక భాగం మొత్తానికి కొత్త పెంకు వేసి, అక్కడ తీసిన పాత పెంకుని ముందు వాలులో విరిగిన చోట్ల వాడండి. కలగాపులగంగా కలిపితే ప్రతి కలయిక దగ్గరా సందు ఉంటుంది.

పెంకు పరీక్షలు మూడు:

- వేలి కణుపుతో కొట్టండి. ఖంగుమని మోగాలి. డొల్లగా మోగితే లోపల పగులుంది
- నీళ్ళలో ఒక రోజంతా నానబెట్టి, పైతడి తుడిచి తూచండి. పొడి బరువు మీద ఐదో వంతు కన్నా ఎక్కువ పెరిగితే ఆ రకం వద్దు
- చదునైన నేల మీద బోర్లించి చూడండి. మూలలు ఊగకూడదు

వంద చదరపు అడుగులకి సుమారు 140 పెంకులు పడతాయి. విరిగేవాటికి పదో వంతు ఎక్కువ తెచ్చుకోండి. ఒక్కోటీ రెండు నుంచి మూడు కిలోలు తూగుతుంది కాబట్టి తెచ్చినవన్నీ కప్పు మీద ఒకేచోట పేర్చొద్దు.

6. నడక, శుభ్రం

పెంకు మధ్యలో అడుగు వేస్తే విరుగుతుంది. పై పెంకు కింది పెంకు మీద ఎక్కే చోట, అంటే కింద రీపరు ఉన్న చోట కాలు పెట్టాలి. వీలైనంత వరకు పరచిన నిచ్చెన మీదే తిరగండి.

వేపాకు, చింతాకు పెంకు గాడుల్లో చేరి కుళ్ళితే నీళ్ళు నిలుస్తాయి, పక్కకి పొంగి లోపలికి దిగుతాయి. చాలా ఇళ్ళలో కురవడానికి కారణం ఇదొక్కటే. ఒక్క పెంకు మార్చకుండా, ఊడ్చి గాడులు తీస్తే ఆగిపోయిన ఇళ్ళు ఎన్నో.

పాచిని తడిపి, పీచు బ్రష్‌తో పై నుంచి కిందికి రుద్దండి. కార్లు కడిగే ప్రెజర్ మెషిన్ వాడొద్దు. అది పెంకు పై పొరని లేపేస్తుంది, నీళ్ళని పెంకుల కిందకి కొడుతుంది.

7. విరిగిన పెంకు మార్చడం

ఒకటీ రెండూ అయితే కప్పు విప్పక్కర్లేదు.

1. విరిగిన పెంకుకి పైన ఉన్న పెంకు కింద రెండు చెక్క చీలికలు దూర్చి అంగుళం పైకి లేపండి.
2. పక్కన గాడి మీదకి ఎక్కిన పెంకుని కూడా అలాగే కొంచెం లేపండి.
3. విరిగిన ముక్కల్ని ముందు పైకెత్తి, వెనక ముక్కు (రీపరుకి తగులుకునే బొడిపె) రీపరు నుంచి తప్పించి, కిందికి లాగండి. పక్కలకి గుంజితే మంచి పెంకు గాడి కూడా విరుగుతుంది.
4. రీపరు మీద చెత్త ఊడ్చి, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగితే రీపరు మార్చాలి.
5. కొత్త పెంకుని కింది నుంచి పైకి తోసి, ముక్కు రీపరుకి తగులుకునే దాకా వెనక్కి లాగండి. టక్కుమని ఆగినట్టు చేతికి తెలుస్తుంది.
6. పక్క గాడులు కూర్చున్నాయో లేదో చూసి, చీలికలు ఒక్కొక్కటే తీయండి.

అయ్యాక పై పెంకు కింది పెంకు మీదికి రెండు, రెండున్నర అంగుళాలు ఎక్కి ఉండాలి. అంతకు తక్కువైతే రీపర్ల మధ్య దూరం తప్పింది. అక్కడ పెంకు ఎన్నిసార్లు మార్చినా గాలివానకి కురుస్తూనే ఉంటుంది.

8. రీపర్లు, వాసాలు

వరసగా ఐదారు పెంకులు జారిన చోట తప్పు రీపరుదే. పెంకు విప్పేటప్పుడు నడికొప్పు నుంచి కిందికి రావాలి, వేసేటప్పుడు చూరు నుంచి పైకి పోవాలి.

ఒక జాగ్రత్త చాలామంది మరచిపోతారు. ఒక వాలు మొత్తం విప్పేసి, రెండో వాలు బరువుతో అలాగే వదిలేయకూడదు. వంద చదరపు అడుగులకి సుమారు 350 కిలోల బరువు ఉంటుంది. ఒకవైపే ఉంటే పాత వాసాలు పక్కకి వాలుతాయి. రెండు వైపులా కొంచెం కొంచెం విప్పుతూ రండి.

కొత్త రీపర్ల దూరానికి టేపు మీద ఆధారపడకండి. రెండు పెంకుల్ని నేల మీద ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి, ముక్కు నుంచి ముక్కుకి కొలిచి, అంత పొడుగు కర్ర ఒకటి కోసుకోండి. ఆ కర్ర పెట్టుకుంటూ రీపర్లు కొడితే వరస తప్పదు.

తాటి వాసాలు ఉంటే కళ్ళతో చూసి సరిపెట్టుకోవద్దు. తాటికి పైన గట్టిదనం, లోపల మెత్తన. చెదలు లోపలంతా తినేసినా పైకి నున్నగా ఉంటుంది. సుత్తితో ప్రతి అడుగుకీ తట్టుకుంటూ పోండి. మోత మారిన చోట స్క్రూడ్రైవర్ దింపి చూడండి. గోడలో దూరే కొస, చూరు కొస, ఈ రెండూ ముందు పోతాయి.

కొస మాత్రమే పోయి మిగతాది గట్టిగా ఉంటే వాసం మొత్తం మార్చక్కర్లేదు. పుచ్చిన భాగం కోసేసి, పక్కన జోడు కర్ర పెట్టి, మంచి భాగం మీద కనీసం మూడు అడుగులు కలిసేలా బోల్టులు బిగించాలి. ఇక్కడ మేకులు చాలవు. అయితే నడికొప్పు దూలం వంగినా, వాసాలు సగానికి పైగా పుచ్చినా ఇంట్లోవాళ్ళు ముట్టుకోకూడదు. అనుభవం ఉన్న వడ్రంగిని పిలిచి, కింద ఊతకర్రలు పెట్టించాకే పెంకు విప్పించండి.

9. గోడ కలిసే చోటు, లోపలి మూల, కిటికీ గూడు

మొండిగా కురిసే ఇళ్ళలో ఎక్కువగా తప్పు ఇక్కడే ఉంటుంది. కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

*వసారా కప్పు పెద్దగోడని తాకే చోటు.* మామూలుగా ఇక్కడ సిమెంట్ దట్టిస్తారు. గోడ కదలదు, చెక్క కప్పు ఎండకీ వానకీ కదులుతుంది, అందుకే ఏడాది తిరక్కుండా సిమెంట్ గోడ నుంచి విడిపోతుంది. వెంట్రుకంత సందు చాలు, గోడ మీద జారే నీళ్ళన్నీ అందులోకే పోతాయి.

దీనికి జింకు రేకు కావాలి.

1. పాత సిమెంట్ మొత్తం కొట్టేసి ఊడ్చండి.
2. పెంకుకి ఆరు అంగుళాల పైన గోడలో అంగుళం లోతు గాడి కోయించండి.
3. రేకుని మడవండి. ఆరు అంగుళాలు గోడ మీదకి, కనీసం ఆరు అంగుళాలు పెంకు మీదకి రావాలి. పై అంచు గాడిలోకి దూరేలా ఇంకో చిన్న మడత ఉండాలి.
4. అంచుని గాడిలో దూర్చి, అక్కడక్కడ చీలిక కొట్టి, గాడిని సున్నం కలిపిన సిమెంట్‌తో పూడ్చండి.
5. రేకు కింది అంచుని పెంకు ఒంపుకి తగ్గట్టు చెక్క సుత్తితో మెల్లగా తట్టి వంచండి. పెంకుకి మేకు కొట్టొద్దు.

రేకు గోడకి మాత్రమే అంటుకుని ఉంటుంది, కప్పు దాని కింద స్వేచ్ఛగా కదులుతుంది. అందుకే పగలదు.

*రెండు వాలులు లోపలికి కలిసే మూల.* మండువా ఇళ్ళలో నాలుగు మూలలూ ఇలాంటివే. రెండు వాలుల నీళ్ళూ ఒకే దారిన దిగుతాయి. ఇక్కడి రేకు రెండు అడుగుల వెడల్పు ఉండాలి, రెండు అంచులూ అర అంగుళం పైకి మడిచి ఉండాలి. రెండు పక్కల పెంకులూ రేకు మీదికి నాలుగు అంగుళాలకు తగ్గకుండా రావాలి. మధ్యలో అరచేయి వెడల్పున దారి ఖాళీగా వదలాలి. మేకులు అంచుల్లోనే, పెంకు కింద దాగే చోట. రేకు మీద రేకు అతికేటప్పుడు పైది కింది దాని మీదికి ఆరు అంగుళాలు రావాలి.

ఈ రేకు పైకి బాగానే కనిపించినా, ఆకు చెత్త నిలిచే చోట సూది మొనంత చిల్లులు పడి ఉంటాయి. రాత్రి లోపలి నుంచి టార్చి వేస్తే పైన ఉన్న మనిషికి వెలుగు చుక్కలు కనిపిస్తాయి. చిల్లులు కనిపిస్తే రేకు మార్చడమే, అతుకులు నిలవవు.

*కప్పులోంచి పొడుచుకొచ్చే కిటికీ గూడు.* కొన్ని పాత బంగళాల్లో అటక గదికి వెలుగు కోసం కప్పు మీదే చిన్న కప్పుతో కిటికీ కడతారు. దానికి పైన చెప్పిన రెండు రకాల అతుకులూ ఉంటాయి. రెండు పక్క గోడలు పెద్ద కప్పుని తాకుతాయి, చిన్న కప్పు పెద్ద కప్పులో కలిసే చోట రెండు లోపలి మూలలు వస్తాయి, కిటికీ గడప కింద ఇంకో అతుకు.

పని కింది నుంచి పైకి సాగాలి. ముందు గడప కింద రేకు, అది కింది పెంకుల మీదకి రావాలి. తర్వాత పక్క గోడల వెంట, ప్రతి పెంకు వరసకీ ఒక చిన్న రేకు ముక్క చొప్పున మెట్లుగా. ఆ తర్వాత లోపలి మూలల రేకులు. ఆఖరున చిన్న కొప్పు. ఎక్కడ చూసినా పై ముక్క కింది ముక్క మీదే ఉండాలి. ఒక్కటి తిరగబడినా నీళ్ళకి లోపలికి దారి దొరుకుతుంది.

కిటికీ దగ్గర తడి కనిపిస్తే రేకులు విప్పే ముందు అద్దం మీద మాత్రమే నీళ్ళు పోసి చూడండి. పుట్టీ రాలిపోయి అద్దం అంచు నుంచి దిగుతున్నా, గడప చెక్క పుచ్చినా తడి అచ్చం కప్పు కురిసినట్టే కనిపిస్తుంది.

10. నడికొప్పు

కొప్పు పెంకుల కింద మసాలా పగిలితే గాలివానకి నీళ్ళు ఎదురు దూరతాయి. కొప్పు పెంకుని చేత్తో కదిపి చూడండి. కదిలితే తీసేయాలి.

మసాలా పాలు: ఒక పాలు సిమెంట్, ఒక పాలు సున్నం, ఆరు పాళ్ళు ఇసుక. సిమెంట్ ఎక్కువ వేస్తే గట్టిగా ఉంటుందని మేస్త్రీలు అంటారు. గట్టిగా ఉన్నదే ఎండకి ముందు పగులుతుంది. కొప్పు పెంకుల్ని ముందు నీళ్ళలో నానబెట్టండి. మసాలా రెండు అంచుల కిందే పెట్టండి, లోపలంతా కూరొద్దు. ఏడు రోజులు పొద్దున సాయంత్రం తడపాలి, గోనెసంచి కప్పితే ఇంకా మంచిది.

11. గాలి, కోతులు

తుపాను గాలి ముందు లేపేది చూరు వరసల్ని, పక్క అంచుల్ని, కొప్పుని. బెంగుళూరు పెంకు వెనక తీగ దూర్చడానికి చిన్న చిల్లు ఉంటుంది. చూరు దగ్గర రెండు వరసలు, పక్క అంచుల్లో రెండేసి వరసలు రీపరుకి తీగతో కట్టేయండి. తీరం దగ్గర ఇళ్ళకి మొత్తం కట్టినా తప్పులేదు.

కోతుల బాధ ఉన్న ఊళ్ళలో పెంకు తీసేసి రేకులు వేయించుకునేవాళ్ళు పెరుగుతున్నారు. వాళ్ళ కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పని చేసే ముందు తీగ కట్టు ఒకసారి ప్రయత్నించండి. కట్టిన పెంకుని కోతి ఎత్తి పడేయలేదు. కప్పు మీదకి వంగిన కొమ్మలు కొట్టేస్తే రాకపోకలు కూడా తగ్గుతాయి.

12. గూన పెంకు అయితే

గూన పెంకుకి గాడి లేదు, ముక్కు లేదు, బరువు మీదే నిలుస్తుంది. కాబట్టి జారడం సహజం. రెండు మూడేళ్ళకోసారి మొత్తం తీసి, విరిగినవి ఏరేసి, తిరగనేయించాల్సిందే. వెల్లకిలా వేసే వరసకి మంచి పెంకులు వాడండి, నీళ్ళు పారేది వాటి మీదే. బోర్లా వేసేవాటిలో కొద్దిగా అంచు విరిగినవి ఉన్నా పనికొస్తాయి.

13. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

- పగిలిన పెంకు మీద సిమెంట్ పూయడం. ఎండకి ఊడుతుంది, ఊడిన పెళ్ళ గాడికి అడ్డుపడుతుంది. పెంకు మార్చండి.
- పెంకు కింద ప్లాస్టిక్ పట్టా బిగించడం. లోపలి ఆవిరి పోయే దారి లేక రీపర్లు పుచ్చుతాయి. ఇప్పటికే వేసి ఉంటే విప్పి చెక్క చూడండి. వానలో తప్పనిసరైతే పట్టా పెంకుల పైన వేసి, పై అంచు కొప్పు కిందకి దూర్చండి. వాన తగ్గగానే తీసేయండి.
- పాచి మీదే రంగు వేయడం. రెండు వానలకే పొరలుగా లేస్తుంది. రుద్ది, బాగా ఎండాకే రంగు.
- వాలు తక్కువగా ఉన్న వసారాకి పెంకు మళ్ళీ మళ్ళీ మార్చడం. అడుగుకి ఆరు అంగుళాల వాలు లేకపోతే ఈ పెంకు నీళ్ళు ఆపలేదు. వాసాల వాలు పెంచాలి, లేదా ఆ భాగానికి రేకు వేసుకోవాలి.
- వాసాలకి పైపైన మందు పూసి చెదలు పోయాయనుకోవడం. మట్టి గూడు గోడ వెంట నేల దాకా ఉందేమో చూడండి. ఉంటే మందు నేల దగ్గర నుంచి కొట్టించాలి.

14. మొదటి వాన రోజు

తొలి వాన పడుతున్నప్పుడే టార్చి తీసుకుని అటక చూడండి. కొత్త పెంకు మొదటి వానకి కొంత నీళ్ళు పీల్చి అడుగున చెమర్చవచ్చు, దానికి టెన్షన్ పడొద్దు. చుక్కగా జారితే మాత్రం సుద్దతో గుర్తు పెట్టి, ఎండ వచ్చాక 3వ భాగం నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.

- చూరు కింద నీళ్ళు వరసగా పడుతున్నాయా, ఎక్కడైనా ఒకేచోట ధారగా పడుతోందా? ధార ఉన్న వరసలో గాడి పూడుకుపోయింది
- గోడ మీద కొత్త చార ఉందా?
- లోపలి మూల రేకు దిగువన ఆకులు చేరాయా?
- సర్వీసు వైరు రేకులకి తగలకుండా ఉందా?

మిగిలిన పెంకుల్ని పారేయకుండా ఓ ఇరవై అయినా గోడవారగా నిలువుగా పేర్చి ఉంచండి. పడుకోబెట్టి దొంతరగా పెడితే అడుగువి పగులుతాయి. పక్కనే ఒక డబ్బాలో కట్టుతీగ, చెక్క చీలికలు, రీపర్ల కొలత కోసుకున్న కర్ర కూడా ఉంచండి.